మపూటోను కట్టింది ఎవరు?

మొజాంబిక్ రాజధాని మపూటో ఫోటోలు ఎప్పుడు పెట్టినా మన వాళ్ళ నుంచి దాదాపు ఒకటే మాట వస్తుంది. "పోర్చుగీసు వాళ్ళు ఎంత బాగా కట్టారండీ ఈ ఊరు!" రైల్వే స్టేషన్ గుమ్మటం, చెట్ల నీడలో వెడల్పాటి రోడ్లు, సముద్రానికి ఎదురుగా తెల్లగా నిలబడ్డ పొలానా హోటల్ చూస్తే ఆ మాట రావడం సహజమే. కాసేపటికి రెండో మాట వస్తుంది. "వాళ్ళు పోయాక వీళ్ళు పాడు చేసుకున్నట్టున్నారే." పెచ్చులూడిన అపార్ట్‌మెంట్లు, పని చేయని లిఫ్టులు, వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ వీధులు చూసి అనే మాట అది.

ఈ రెండు మాటలూ తప్పు. మొదటిది అబద్ధం, రెండోది అన్యాయం. కందులు, ముడి జీడిగింజలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పని మీద కొన్నేళ్ళు మపూటోలో ఉన్నాను. మన ఇళ్ళలో ఉడికే కందిపప్పులో కొంత ఆ దేశపు ఉత్తర జిల్లాల రైతులు పండించినదే. 2016లో మన ప్రభుత్వం వాళ్ళతో కందులు, ఇతర పప్పుల కోసం ఒప్పందం కూడా చేసుకుంది. అన్నం పెట్టే దేశం గురించి మనం తేలిగ్గా అనే మాటలు నాకు గుచ్చుకుంటాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఊరు ఎలా పుట్టిందో చూడాలి. లోరెన్సో మార్కెస్ అనే పోర్చుగీసు వర్తకుడు 1544లో ఆ అఖాతానికి వచ్చాడు, ఊరికి చాలాకాలం అతని పేరే ఉంది. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళకు పైగా అక్కడ పోర్చుగల్ చేసింది చాలా తక్కువ. బురద నేల, దోమలు, ఒక చిన్న కోట, ఏనుగు దంతాల బేరం, అంతే. అప్పట్లో రాజధాని ఎక్కడో ఉత్తరాన ఉన్న మొజాంబిక్ దీవి. 1752 దాకా ఆ వలస రాజ్యం మొత్తం గోవా నుంచి నడిచిందని మనలో చాలామందికి తెలియదు. గోవాలో కూర్చున్న వైస్రాయే అక్కడికీ అధికారి.

ఊరి తలరాత మార్చింది పోర్చుగల్ కాదు, పక్కదేశపు బంగారం. ఆ అఖాతం మాదంటే మాదని బ్రిటన్, పోర్చుగల్ కొట్లాడుకుంటే, ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్‌మాన్ 1875 జులై 24న పోర్చుగల్ వైపు తీర్పు చెప్పాడు. పదకొండేళ్ళకు, 1886లో, ఇప్పటి దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో బంగారు గనులు బయటపడ్డాయి. ఆ గనులకు దగ్గరలో ఉన్న మంచి రేవు ఇదే. 1895 నాటికి ప్రిటోరియాకు రైలు పడింది. 1898లో రాజధాని ఇక్కడికి మారింది. అందరూ ఫోటో తీసుకునే ఆ స్టేషన్ 1910లో తెరిచారు. దాని గుమ్మటం ఐఫెల్ టవర్ కట్టిన ఐఫెల్ చేశాడని గైడ్లు చెబుతుంటారు. దానికి ఆధారం లేదు. ఏ యూరప్ ఇంజనీరు గీశాడన్నది అందరూ అడుగుతారు. రాళ్ళు మోసింది ఎవరని అడిగిన టూరిస్టు నాకు తగల్లేదు.

మోసింది వెట్టి కూలీలు. అక్కడ దాన్ని షిబాలో అంటారు. 1899లో పోర్చుగల్ చేసిన కార్మిక చట్టం ప్రకారం వలసల్లోని స్థానికులందరికీ పని చేయడం "నైతిక, చట్టబద్ధ బాధ్యత". సొంత పొలంలో చేసుకునే పనిని అధికారి పనిగా ఒప్పుకుంటేనే పని. ఒప్పుకోకపోతే పట్టుకుపోతారు. గుడిసె పన్ను కట్టలేకపోతే పట్టుకుపోతారు. రేవులో బస్తాలు మోయడానికి, రోడ్లు వేయడానికి, బురద నేల పూడ్చడానికి ఊళ్ళ నుంచి మనుషుల్ని తోలుకొచ్చారు. పేరు మార్చుకుంటూ, రూపం మార్చుకుంటూ ఆ వెట్టి 1960ల మొదటి దాకా సాగింది. తెలంగాణ పల్లెల్లో దొరల కింద వెట్టి చేసిన తాతల కథలు విన్నవాళ్ళకు ఈ మాట బరువు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు. అదీ లిస్బన్ నుంచి రాలేదు. మొజాంబిక్ దక్షిణాది మగవాళ్ళను దక్షిణాఫ్రికా గనులకు కూలీలుగా పంపడానికి పోర్చుగల్ ఒప్పుకుంది, బదులుగా ట్రాన్స్‌వాల్ సరుకులో సగం దాకా ఈ రేవు గుండానే పోయేట్టు 1909లో ఒప్పందం రాయించుకుంది. మనుషులను ఇచ్చి రైలు బోగీలు తెచ్చుకుంది. 1928 తర్వాత ఇంకో ఏర్పాటు వచ్చింది. గని కూలీ జీతంలో ఒక వాటాను అక్కడ ఇవ్వకుండా ఆపి ఉంచుతారు. ఆ వాటా పోర్చుగీసు ప్రభుత్వానికి అధికారిక ధరకు లెక్కగట్టిన బంగారంగా చేరేది. కూలీ ఇంటికొచ్చాక అతని చేతికి పోర్చుగీసు ఎస్కుడో నోట్లు వచ్చేవి. బంగారం బజారు ధర పెరిగినప్పుడు ఆ తేడా ఎవరికి పోయిందో చెప్పక్కర్లేదు. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది ఒకరికి, లాభం ఖజానాలోకి పోయింది ఇంకొకరికి. మపూటో వెడల్పాటి రోడ్ల మీద నడిచినప్పుడు నాకు ఈ లెక్కే గుర్తొచ్చేది.

కాబట్టి పోర్చుగల్ కట్టిందంటే ఏమిటి? గీత గీసింది, ఆ గీతకు కాపలా కాసింది. దాని గురించి చెప్పాలి.

మపూటోలో పాతకాలం వాళ్ళు ఊరిని రెండుగా చెబుతారు. ఒకటి సిమెంటు ఊరు, ఇంకొకటి కనీసో, అంటే రెల్లు గడ్డి ఊరు. మధ్యలో అర్ధచంద్రాకారంలో ఒక చుట్టు రోడ్డు. లోపల తెల్లవాళ్ళ మేడలు, కరెంటు, కుళాయిలు, డ్రైనేజీ. బయట పల్లపు నేలలో రెల్లు గోడలు, తర్వాత తర్వాత చెక్క, జింకు రేకుల ఇళ్ళు. ఇది పేదరికం వల్ల దానంతటది ఏర్పడిన తేడా కాదు. కనీసోలో చాలామందికి పక్కా ఇల్లు కట్టుకునే అనుమతి దొరకదు. భూమి ఎవరో తెల్ల ఆసామిదో, వర్తకుడిదో, కంపెనీదో. అద్దెకున్నవాడు ఎప్పుడైనా లేచిపోవాలి. సిమెంటు గోడ లేపితే మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి కూలగొట్టొచ్చు. పక్కనే మతోలాలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, అందులో బస్తాలు మోసేవాళ్ళు ఈ కనీసో మనుషులే. ఆ బస్తా మాత్రం వాళ్ళ ఇంటికి రాకూడదు.

మా ఆఫీసులో నాతో పనిచేసిన ఒకతని నానమ్మ ఇల్లు కనీసోలోని మఫలాలా పేటలో ఉంది. ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. ఆమెను అందరం వోవో అనే పిలిచేవాళ్ళం. ఆ ఇంటి గోడలను చూపించి ఆమె ఒక సంగతి చెప్పింది. వాళ్ళాయన రాత్రిపూట, రేకుల ఇంటి లోపల, ఒక్కో వరుసగా సిమెంటు ఇటుకల గోడ లేపాడట. బయటి నుంచి చూస్తే మామూలు రేకుల ఇల్లే. ఇసుక సంచుల్లో తెచ్చేవాడు, మిగిలిన సిమెంటును తెల్లారేలోపు మట్టిలో కప్పేసేవాడు. ఇన్‌స్పెక్టరు వస్తాడేమోనని గోడ ఎత్తు రేకు అంచు దాటనిచ్చేవాడు కాదు. "దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక రేకులు పీకేశాం. ఇల్లు అప్పటికే లోపల తయారుగా ఉంది" అందామె. తర్వాత తెలిసింది, ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదని. ఆ పేటల్లో ఎన్నో ఇళ్ళు అలాగే దొంగచాటుగా పుట్టాయి.

సొంత గూడు గట్టిగా కట్టుకోవడమే నేరమైన ఊరిని "బాగా కట్టారు" అనడానికి నాకు నోరు రాదు.

గోదావరి జిల్లాలో పుట్టినవాడిని. కాటన్ దొర విగ్రహానికి దండ వేసే ఊళ్ళు మావి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, పొలాలకు నీళ్ళొచ్చాయి, ఆ కృతజ్ఞతలో నిజం ఉంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ ఒక్క కృతజ్ఞతను పట్టుకుని ప్రతి వలస పాలననూ అదే కళ్ళతో చూసే అలవాటు మనకు ఉంది. రైలు వేశారు కదా, రోడ్డు వేశారు కదా అంటాం. ఏ నీళ్ళు ఎవరి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయో అడగం. లోరెన్సో మార్కెస్‌లో నీళ్ళ గొట్టం ఆ చుట్టు రోడ్డు దగ్గర ఆగిపోయింది. అవతల వీధి కుళాయి ముందు బిందెల వరుస.

"పోర్చుగీసు వాళ్ళు బ్రిటిష్ వాళ్ళలా కాదు, వర్ణవివక్ష లేదు, అందరితో కలిసిపోయేవాళ్ళు" అనే వాదన కూడా బాగా ప్రచారంలో ఉంది. గోవా చూసొచ్చిన వాళ్ళు మరీ గట్టిగా అంటారు. ఈ వాదన గాలిలో పుట్టింది కాదు. ఐక్యరాజ్యసమితిలో వలసల గురించి ఒత్తిడి పెరుగుతుంటే పోర్చుగల్ నియంత సలజార్ ప్రభుత్వం 1951లో వలసలకు "సముద్రాంతర రాష్ట్రాలు" అని పేరు మార్చింది. బ్రెజిల్ సామాజికవేత్త జిల్బెర్తో ఫ్రెయిరీని ఆ ప్రాంతాలన్నీ తిప్పి చూపించింది. పోర్చుగీసు మనిషికి ఉష్ణదేశాల వాళ్ళతో కలిసిపోయే గుణం పుట్టుకతోనే ఉందన్న ఆయన సిద్ధాంతాన్ని ప్రభుత్వ ప్రచారంగా వాడుకుంది.

అదే కాలంలో చట్టం ఏం చెబుతోందో చూద్దాం. మొజాంబిక్ నల్లవాళ్ళు పౌరులు కాదు, "ఇండీజెనా"లు, అంటే స్థానికులు. అధికారి అడిగితే చూపించడానికి పాసు పుస్తకం జేబులో ఉండాలి. అందులోంచి బయటపడే దారి ఒకటుంది, అసిమిలాదో కావడం. పోర్చుగీసు బాగా మాట్లాడాలి, ఆదాయం చూపించాలి, తమ ఆచారాలు వదిలేశామని అధికారిని నమ్మించాలి. 1950 జనాభా లెక్కల్లో సుమారు 57 లక్షల మంది ఆఫ్రికన్లలో ఈ హోదా దొరికింది నాలుగు వేల పైచిలుకు మందికి. వెయ్యికి ఒక్కరు కూడా కాదు. కలిసిపోయే గుణం అంటే ఇదా?

దీన్ని మొదట్లోనే నిలదీసినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. జువావ్ అల్బాసినీ, ఆయన సోదరుడు కలిసి 1908లో ఒక పత్రిక మొదలుపెట్టారు, 1918లో ఇంకొకటి. పోర్చుగీసులోనూ, స్థానిక రోంగా భాషలోనూ అచ్చయ్యేవి. 1917లో అసిమిలాదో సర్టిఫికెట్ పద్ధతి వచ్చినప్పుడు అల్బాసినీ దానికి ఎదురు తిరిగాడు. తెల్లవాడికి అవసరం లేని కాగితం మా చదువుకున్నవాళ్ళకెందుకు అన్నది ఆయన పోరాటం. ఆయన 1922లో చనిపోయాడు. మన దగ్గర కందుకూరి, గిడుగు గురించి మాట్లాడుకున్నట్టు అక్కడ ఈయన గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళకు ఇంకో సాక్ష్యం. 1966 ప్రపంచ కప్‌లో పోర్చుగల్ మూడో స్థానంలో నిలిచింది. అందులో 9 గోల్స్ కొట్టి అందరికన్నా ముందు నిలిచిన యుజేబియో మఫలాలా పిల్లాడు. ఆ జట్టు కెప్టెన్ మారియో కొలునా కూడా మొజాంబిక్ వాడే. లిస్బన్ వీధుల్లో వాళ్ళకు జేజేలు కొడుతున్న ఆ ఏడాదికే మొజాంబిక్ ఉత్తరాన స్వాతంత్ర్య యుద్ధం మొదలై రెండేళ్ళు. స్వాతంత్ర్యం కోసం పోరాడిన సంస్థ ఫ్రెలిమో 1964 సెప్టెంబరు 25న తుపాకీ పట్టింది. ఆ పేట పిల్లల కాళ్ళు పోర్చుగల్‌కు కావాల్సి వచ్చాయి. ఆ పేటకు ఒక మురుగు కాలువ తవ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

విలా అల్గార్వె అనే భవనం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నగరం నడిమధ్య, మంచి పేటలో, గోడల నిండా నీలి తెలుపు పింగాణీ పలకల బొమ్మలతో ఉన్న బంగళా. ఫోటోలు తీసేవాళ్ళకు ఇష్టమైన చోటు. పోర్చుగీసు రహస్య పోలీసు విభాగం పీడే దాన్ని తన ఆఫీసుగా చేసుకుంది. స్వాతంత్ర్యం కోరినవాళ్ళను అక్కడే కొట్టారు, హింసించారు. ఆ బంగళా ఈ రోజుకీ శిథిలంగా పడి ఉంది. మ్యూజియం చేస్తామన్న మాట ఎప్పటి నుంచో వింటున్నారు. కొంతమంది స్నేహితులు ఆ పలకల మీది పూల బొమ్మలు చూసి "ఎంత అందం!" అన్నప్పుడు నేను ఊరుకోలేకపోయాను. లోపల ఏం జరిగిందో చెప్పాను. ఆ రోజు భోజనం దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అయినా చెప్పడమే మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

1975 జూన్ 25న స్వాతంత్ర్యం వచ్చింది. నాలుగైదు శతాబ్దాల పాలన ముగిసేనాటికి ఆ దేశంలో నూటికి తొంభై మందికి పైగా చదువు రానివాళ్ళు. పోర్చుగీసు వాళ్ళు దాదాపు రెండున్నర లక్షల మంది ఉండేవాళ్ళు, కొద్ది కాలంలోనే చాలావరకు వెళ్ళిపోయారు. నిపుణుల పనులన్నీ వాళ్ళ చేతుల్లో ఉంచుకున్నారు కాబట్టి లిఫ్టు రిపేరు చేసేవాడి నుంచి డాక్టరు దాకా ఒక్కసారిగా మాయమయ్యారు. పోతూ పోతూ యంత్రాలు పాడుచేసిన వాళ్ళు, ట్రాక్టర్లు సరిహద్దు దాటించిన వాళ్ళు ఉన్నారు. ఆ వెంటనే దక్షిణాఫ్రికా మొజాంబిక్ గని కూలీల సంఖ్యను సగానికి పైగా తగ్గించేసింది, బంగారం ఏర్పాటూ ఆగిపోయింది. రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) పుట్టించి, తర్వాత దక్షిణాఫ్రికా పోషించిన రెనామో అనే తిరుగుబాటు దళంతో యుద్ధం 1992 అక్టోబరు దాకా సాగింది. పల్లెల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని జనం మపూటోకు పరిగెత్తుకొచ్చారు. కొద్దిమంది కోసం కట్టిన ఊళ్ళో లక్షల మంది తలదాచుకున్నారు. "వీళ్ళు పాడు చేసుకున్నారు" అనే ముందు ఈ పేరా ఒకసారి మళ్ళీ చదవమని నా మనవి.

1976 ఫిబ్రవరి 3న రెండు పనులు ఒకేసారి జరిగాయి. ఊరి పేరు మపూటో అయింది. అద్దె ఇళ్ళన్నీ జాతీయం అయ్యాయి. నిన్నటిదాకా పనివాళ్ళుగా వెనక మెట్ల నుంచి ఎక్కిన కుటుంబాలు ఆ ఇళ్ళల్లో కాపురానికి వచ్చాయి. ఆ వోవో చెల్లెలు అలా ఎనిమిదో అంతస్తులోకి వెళ్ళిందట. లిఫ్టు లేదు, పైకి నీళ్ళు ఎక్కవు. బాల్కనీలో బొగ్గుల కుంపటి మీద వంట. "అయినా కిటికీ తీస్తే సముద్రం కనిపించేది" అని ఆమె మురిసిపోతూ చెప్పేదట. బాల్కనీలో కుంపటి చూసి నవ్విన తెల్లవాళ్ళ రాతలు నేను చదివాను. కరెంటు బిల్లు కట్టలేని మనిషికి ఇల్లు దొరికితే కుంపటి అక్కడే పెట్టుకుంటుంది, ఇంకెక్కడ పెట్టుకుంటుంది?

వీధుల పేర్లూ మారాయి. కార్ల్ మార్క్స్, లెనిన్, హోచిమిన్, మావో, నైరేరే, లుముంబా అందరూ ఆ ఊళ్ళో రోడ్లే. ఒక పెద్ద రోడ్డు పేరు మాత్రం మార్చలేదు. జులై 24 అవెన్యూ. అసలు అది మక్‌మాన్ తీర్పు రోజు. 1975లో అదే తేదీన కొత్త ప్రభుత్వం బడులను, ఆసుపత్రులను, భూమిని జాతీయం చేసింది. బోర్డు అదే, దాని మీది చరిత్ర వేరే.

పాత కోటలో ఇంకా చిత్రమైన పొరుగు ఉంది. మొజాంబిక్ దక్షిణాన ఉండిన గాజా రాజ్యపు చివరి రాజు గుంగున్యానాను 1895 డిసెంబరులో మౌజిన్యో ద అల్బుకెర్క్ అనే అధికారి పట్టుకున్నాడు. రాజును లిస్బన్ తీసుకుపోయి జనానికి చూపించి, అజోర్స్ దీవులకు పంపారు. 1906లో అక్కడే చనిపోయాడు. పట్టుకున్నవాడికి మాత్రం నగర సభా భవనం ముందు గుర్రం మీద విగ్రహం లేపారు. స్వాతంత్ర్యం తర్వాత ఆ విగ్రహాన్ని తీసి కోటలో పెట్టారు. 1985లో రాజు అవశేషాలుగా తెచ్చిన, చెక్కుడు పని చేసిన శవపేటికా అదే కోటలో ఉంది. విగ్రహాన్ని పగలగొట్టకుండా అక్కడ ఉంచడం నాకు నచ్చింది. పిల్లలు ఇద్దరినీ ఒకే రోజు చూడొచ్చు. సభా భవనం ముందు ఇప్పుడు ఉన్నది దేశ తొలి అధ్యక్షుడు సమోరా మషెల్ విగ్రహం, 2011లో పెట్టారు.

అయితే గీత చెరిగిపోయిందా అంటే, లేదు. ఇక్కడ కొత్త పాలకులనూ వదిలిపెట్టకూడదు. 1983లో ఫ్రెలిమో ప్రభుత్వం ఉత్పత్తి పేరుతో ఒక కార్యక్రమం పెట్టింది. ఉద్యోగ కార్డు, నివాస కార్డు చూపించలేని వాళ్ళను నగరంలో పట్టుకుని, దేశానికి ఆ చివర ఉన్న నియాసాకు తరలించింది. ఎంతోమంది తిరిగి రాలేదు. పాసు పుస్తకం పద్ధతిని కూలదోస్తామని తుపాకీ పట్టినవాళ్ళే కాగితం అడిగి మనుషుల్ని ఊరి నుంచి గెంటేశారు. నా దృష్టిలో వలస పాలన అసలు వారసత్వం ఇలాంటి చోట్లే ఉంది. నగరం అంటే కాగితం ఉన్నవాళ్ళది, మిగతావాళ్ళు అతిథులు అన్న ఆలోచన. గుమ్మటాలు, మేడలు దాని ముందు చాలా చిన్న సంగతి.

1990లలో జాతీయం చేసిన ఇళ్ళను ప్రభుత్వం అందులో ఉన్నవాళ్ళకే అమ్మింది. విదేశీ సంస్థలు, వాళ్ళ డాలర్ అద్దెలు వచ్చాయి. చాలా కుటుంబాలు ఫ్లాటు అద్దెకిచ్చేసి, ఆ డబ్బుతో ఊరి చివరికి మళ్ళీ వెళ్ళిపోయాయి. అద్దె కట్టి అలాంటి ఫ్లాట్లలో ఉన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మున్సిపాలిటీ పటంలో ఈ రోజుకీ రెండు పేటలు పక్కపక్కనే ఉన్నాయి, పొలానా సిమెంతో, పొలానా కనీసో. 2000 వరదల్లో ఆ కనీసో వైపే నేల కోసుకుపోయి పెద్ద లోయ పడింది, ఇళ్ళు అందులో జారిపోయాయి. 2018 ఫిబ్రవరిలో హులేనె డంపింగ్ యార్డు చెత్త కొండ వానకు విరిగిపడి కనీసం 16 మంది చనిపోయారు. ఊరి చెత్త మొత్తం ఎవరి గుమ్మం ముందు పోయాలో నిర్ణయించింది కూడా ఆ గీతే.

2010 సెప్టెంబరులో రొట్టె ధర పెంచగానే ఆ పేటలు భగ్గుమన్నాయి. టైర్లు కాల్చి సిమెంటు ఊరికి పోయే రోడ్లు కట్టేశారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, చివరకు ప్రభుత్వం పెంపు వెనక్కి తీసుకుంది. గోధుమ ఆ దేశంలో పెద్దగా పండదు. జొన్న, మొక్కజొన్న, కర్రపెండలం తిన్న మనుషులకు పొద్దున్నే రొట్టె అలవాటు చేసిపోయిన పాలన, ఆ పిండి కోసం విదేశీ మారకం ఎక్కడి నుంచి తేవాలో చెప్పలేదు.

ఇంత చెప్పి మన వాళ్ళ పాత్ర దాచడం న్యాయం కాదు. కనీసోలో కిరాణా కొట్లు చాలావరకు గుజరాత్, డయ్యూ నుంచి వచ్చిన కుటుంబాలవి. పోర్చుగీసు ఆఫీసుల్లో గుమాస్తాలు చాలామంది గోవా వాళ్ళు. పై మెట్టు మీద ఉన్నవాడు కింది మెట్టు వాణ్ణి ఎలా చూశాడో అక్కడి ముసలివాళ్ళు మొహమాటం లేకుండా చెబుతారు. మధ్య మెట్టు కూడా భద్రం కాదని 1961లో తేలింది. డిసెంబరులో మన సైన్యం గోవాలోకి వెళ్ళగానే, మొజాంబిక్‌లో ఉన్న భారత పౌరులను శిబిరాల్లో పెట్టి, ఆస్తులు జప్తు చేసి, దేశం నుంచి పంపేశారు. ఇంకోవైపు అకీనో ద బ్రగాన్సా లాంటి గోవా మనిషి ఆ దేశ స్వాతంత్ర్యానికి జీవితం అంకితం చేశాడు. 1986లో సమోరా మషెల్‌తో పాటు అదే విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఇప్పుడు వ్యాపారానికి వెళ్ళే తెలుగువాళ్ళం ఈ రెండు దారుల్లో ఏది పట్టాలో తేల్చుకోవాలి. పనివాళ్ళను "వీళ్ళింతే" అనే మాట మన భోజనాల బల్ల దగ్గర ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నామో ఆలోచించాలి.

మపూటో మనుషులు మాత్రం వచ్చిన ప్రతిదాన్నీ తమది చేసుకున్నారు. పొద్దున్నే వీధి చివర పోర్చుగీసు రొట్టె చీల్చి అందులో బజియా పెట్టి ఇస్తారు. అలసంద పిండితో వేసే ఆ బజియా మన పడమటి తీరం నుంచి పోయినదే. నూనె డబ్బాలకు చేపల వలల తీగ కట్టి వాయించుకున్న గిటార్ల మీద ఈ పేటల్లోనే మర్రాబెంతా పాట పెరిగింది. ఒకప్పుడు బెత్తంతో నేర్పిన పోర్చుగీసును అక్కడి పిల్లలు ఇప్పుడు షంగానా, రోంగా కలిపి తమ యాసలో మాట్లాడతారు. మఫలాలా కవి జుజె క్రవేరిన్యాను పీడే జైల్లో పెట్టింది. 1991లో పోర్చుగీసు భాషలోని అతిపెద్ద సాహిత్య బహుమతి కామోయిన్స్ ఆయనకే వచ్చింది, ఆఫ్రికా నుంచి మొదటివాడిగా. దీన్ని కొంతమంది పోర్చుగల్ ఇచ్చిన వరంగా చెబుతారు. క్రవేరిన్యా జైలు గోడల మధ్య గడిపిన ఏళ్ళను లెక్కలో వేసుకున్నాక కూడా అలా అనగలిగితే అనమనండి.

2017 లెక్కల ప్రకారం మపూటోలో సుమారు 10.8 లక్షల జనం, పక్కన మతోలాలో పది లక్షల పైనే. వీళ్ళలో ఎక్కువమంది ఉండే పేటల్లో ఇప్పుడు రెల్లు కనిపించదు. కనీసో అన్న పేరు మిగిలింది కానీ గోడలన్నీ సిమెంటు ఇటుకలే. చేతిలో డబ్బున్నప్పుడు ఒక బస్తా సిమెంటు, ఇంకో నెల ఇసుక, ఆ తర్వాత రేకులు. పెరట్లో ఇటుకలు పేర్చి ఉంటాయి, కొడుక్కి జీతం రాగానే ఇంకో గది లేస్తుంది. ఏ ఇంజనీరూ లేడు, ఏ బ్యాంకు లోనూ లేదు. పోర్చుగీసు వాళ్ళు కట్టించిన భాగం ఆ ఊళ్ళో ఒక చిన్న ముక్క. మిగతా మపూటో అంతా ఇలా సొంత చేతులతో లేచింది, ఆ చిన్న ముక్క కూడా ఇవే చేతుల మీదుగా లేచింది.

2022 సెప్టెంబరులో అప్పటి పోర్చుగల్ ప్రధాని అంతోనియో కోస్తా మపూటోలోనే నిలబడి, 1972లో మొజాంబిక్ పల్లె విరియాములో పోర్చుగీసు సైనికులు చేసిన ఊచకోతకు క్షమాపణ చెప్పారు. మంచి పనే. అక్కడితో ఆగకూడదు. వెట్టి చేసిన కూలీల లెక్కలు, ఆపి ఉంచిన గని జీతాల బంగారం లెక్కలు లిస్బన్ పత్రాల నుంచి తీసి ఆ కుటుంబాల ముందు పెట్టాలి. విలా అల్గార్వె బాగుచేయడానికి అయ్యే ఖర్చులో పోర్చుగల్ వాటా కట్టాలి. మపూటో మున్సిపాలిటీ, మొజాంబిక్ ప్రభుత్వం చేయాల్సింది ఇంకా దగ్గర్లో ఉంది. 1997 భూమి చట్టం ప్రకారం చాలాకాలంగా ఉంటున్న నేల మీద మనిషికి వాడుకునే హక్కు ఉంది. ఆ హక్కు కాగితం మఫలాలా, షమన్‌కులు, మషకేని పేటల్లో ప్రతి ఇంటికీ అందాలి, అందులో ఆడవాళ్ళ పేరు కూడా ఉండాలి. కొత్త ఫ్లైఓవరు కన్నా ముందు ఆ పేటల మురుగు కాలువలకు డబ్బు కేటాయించాలి.

మన వాళ్ళు ఎవరైనా ఆ ఊరు వెళ్తే స్టేషన్ చూడండి, బాగుంటుంది. దానికన్నా ముందు మఫలాలాకు వెళ్ళండి. 2019 నుంచి అక్కడ ఒక మ్యూజియం ఉంది, ఆ పేట పిల్లలే గైడ్లుగా వీధులన్నీ తిప్పి చూపిస్తారు, రుసుము కూడా వాళ్ళకే అందుతుంది. వాళ్ళు రేకుల ఇల్లు చూపించినప్పుడు లోపలి గోడ ఎప్పుడు కట్టారో అడగండి.